తొమ్మిదేళ్ల కణజాల కవాటం: గ్రేడియంట్ ఒకటే, కారణాలు రెండు

కణజాలంతో చేసిన గుండె కవాటం చెడిపోయే తీరును మనకు రెండు మార్గాలుగా విడదీసి బోధిస్తారు. ఒకదానిలో రేకులు గట్టిపడి దారి ఇరుకవుతుంది. రెండోదానిలో రేకు చిరిగి రక్తం వెనక్కి పోతుంది. నెల్లూరులో నేను చూసిన ఈ రోగిలో మొదటిది రెండోదానికి దారి తీసింది, అదీ చికిత్స నడుస్తుండగానే. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) నివేదికలో మాత్రం రెండు దశలూ పెరిగిన గ్రేడియంట్, అంటే కవాటానికి అటూ ఇటూ పీడనంలో ఉన్న తేడా, అనే ఒకే అంకెగా కనిపించాయి. ఆ అంకె ఒక్కదాన్నే పట్టుకుని ముందుకు వెళ్లి ఉంటే ఆమెకు గడ్డ కరిగించే మందు ఎక్కించేవాళ్లం. అందుకే ఏ దశలో ఏ కారణంతో ఏ నిర్ణయం తీసుకున్నామో వివరంగా రాస్తున్నాను. రోగి, ఆమె కుటుంబం అనుమతి ఉంది. ఆమెను గుర్తించగల వివరాలన్నీ వదిలేశాను.

నేపథ్యం

ఆమెది ప్రకాశం జిల్లా పశ్చిమాన మెట్ట గ్రామం, పశువులు, మిరప తోట ఉన్న రైతు కుటుంబం. వయసు ముప్పై ఐదు దాటింది. బడికి వెళ్లే రోజుల్లో కీళ్లవాత జ్వరం వచ్చింది. పెన్సిలిన్ ఇంజెక్షన్లు కొంతకాలం వేయించుకుని మానేసింది. పెళ్లయ్యాక ఆయాసం మొదలై, ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకైందనీ లీకు కూడా ఎక్కువగా ఉందనీ బయటపడింది. లీకు ఉన్నందువల్ల బెలూన్‌తో తెరవడం కుదరలేదు. తొమ్మిదేళ్ల కిందట వేరొక నగరంలో కవాటం మార్చారు. పెట్టినది 27 మి.మీ. కణజాల కవాటం. పశువు గుండె చుట్టూ ఉండే పెరికార్డియం పొరను కత్తిరించి చేసిన మూడు రేకులు, వాటిని మోసే మూడు స్తంభాల చట్రం.

ఇంత చిన్న వయసులో కణజాల కవాటమా అని చాలామంది అడుగుతారు. మైట్రల్ స్థానంలో 65 ఏళ్ల లోపు వారికి యాంత్రిక కవాటమే మేలని మార్గదర్శకాలు చెబుతాయి. కానీ అప్పటికి ఆమెకు పిల్లలు లేరు. యాంత్రిక కవాటం పెడితే రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ జీవితాంతం తప్పదు. గర్భం తొలి మూడు నెలల్లో ఆ మందు పిండానికి హాని చేస్తుంది, ప్రసవ సమయంలో తల్లికి రక్తస్రావం ముప్పు తెస్తుంది. బిడ్డ కావాలనుకునే స్త్రీకి కణజాల కవాటం పెట్టడం అందరూ ఒప్పుకునే మినహాయింపు. ఆ నిర్ణయం సరైనదే. తరువాత ఆమెకు ఇద్దరు ఆరోగ్యవంతమైన పిల్లలు పుట్టారు, రెండో కాన్పు తరువాత ట్యూబెక్టమీ అయింది.

అయితే ఆ నిర్ణయంతో పాటు నడవాల్సిన మాట ఒకటి కుటుంబం దాకా చేరలేదు: ఇది మళ్లీ మార్చాల్సి వచ్చే కవాటం. చిన్న వయసులో ఇలాంటి కవాటాలు త్వరగా చెడిపోతాయి. డెబ్బై ఏళ్ల మనిషిలో పదిహేనేళ్లు నిలిచేది ముప్పై ఏళ్ల మనిషిలో పదేళ్ల లోపే చేతులెత్తేయవచ్చు. ఇంట్లో అందరూ గుండె ఆపరేషన్ అయిపోయింది, ఇక భయం లేదు అనుకున్నారు. రెండో కాన్పు తరువాత ఎకో పరీక్షలు ఆగిపోయాయి. ఆమె దగ్గర మిగిలినవి రెండే కాగితాలు: కవాటం కంపెనీ ఇచ్చే కార్డు, డిశ్చార్జి సమ్మరీ. ఆ సమ్మరీలో ఉన్న ఒక వాక్యం మాకు ఎంతగానో ఉపయోగపడింది: గుండె వేగం 78 ఉన్నప్పుడు సగటు గ్రేడియంట్ 4 మి.మీ. పాదరసం.

వచ్చినప్పటి పరిస్థితి

కొన్ని నెలలుగా నడిస్తే ఆయాసం, రాత్రి రెండు దిండ్లు పెట్టుకుంటేనే నిద్ర, అప్పుడప్పుడు గుండె దడ. ఊళ్లో ఆర్‌ఎంపీ బలానికి ఇంజెక్షన్లు, గ్యాసుకు మాత్రలు ఇచ్చాడు. మా దగ్గరకు వచ్చేసరికి గుండె వేగం 104, హిమోగ్లోబిన్ 8.8, కాళ్లకు కొద్దిగా వాపు. ఎకోలో సగటు గ్రేడియంట్ 13, కవాటానికి అటూ ఇటూ ఉన్న పీడనం తేడా సగానికి తగ్గే సమయం (దారి ఇరుకైతే ఇది పెరుగుతుంది) 180 మిల్లీసెకన్లు, ఊపిరితిత్తుల ధమని పీడనం సుమారు 55. రేకులు మందంగా, బద్ధకంగా కదులుతున్నాయి. లీకు పెద్దగా కనబడలేదు.

గ్రేడియంట్ 10 దాటితే కవాటం బాగా ఇరుకైందని అనుమానించాలి. అయినా ఆ రోజు నేను 13ను కవాటం ఖాతాలో రాయలేదు. గ్రేడియంట్ కవాటం గురించి మాత్రమే చెప్పే అంకె కాదు, దాని గుండా పోయే రక్తం ఎంత, ఎంత సమయంలో అన్నది కూడా అందులో కలిసి ఉంటుంది. వేగం 104 అయితే ఎడమ జఠరిక నిండే సమయం కుదించుకుపోతుంది. రక్తహీనతలో గుండె ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. ఈ రెండూ మంచి కవాటం మీద కూడా గ్రేడియంట్‌ను పెంచుతాయి. కాబట్టి ముందు వాటిని సరిచేసి, మళ్లీ కొలిచి, అప్పుడు కవాటం వాటా ఎంతో తేల్చాలనుకున్నాం. ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్, గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్, రక్తనాళం ద్వారా ఐరన్ ఇచ్చాం.

జ్వరం లేదు, ఇన్ఫెక్షన్‌లో పెరిగే సి.ఆర్.పి. రక్తపరీక్ష మామూలుగానే ఉంది, మూడు విడతల బ్లడ్ కల్చర్లలో ఏమీ పెరగలేదు. అయినా ఈ పరీక్షలు చేయకుండా ముందుకు వెళ్లకూడదు. కృత్రిమ కవాటం ఉన్న మనిషికి కొత్తగా ఆయాసం వస్తే నాలుగు కారణాలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టుకుంటూ రావాలి: కణజాలం చెడిపోవడం, గడ్డ కట్టడం, ఇన్ఫెక్షన్, కుట్ల పక్క నుంచి లీకు లేదా కింది నుంచి మచ్చ కణజాలం పెరగడం లాంటి ఇతర లోపాలు.

ఈ దశలో ఆమె మామగారు ఒక ప్రశ్న అడిగారు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయిన వాళ్లను ఆయన కళ్లారా చూశారు. ఆ నీళ్ల వల్లే వాల్వ్‌కు సున్నం పట్టిందా, కాన్పుల్లో వాడిన కాల్షియం మాత్రల వల్లా అని ఆయన భయం. ఆమె మూత్రపిండాలు బాగానే పనిచేస్తున్నాయి, రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్ మామూలుగా ఉన్నాయి. మూత్రపిండాలు చెడిన వారిలో ఈ కవాటాలు త్వరగా గట్టిపడతాయి కాబట్టి ఆ పరీక్ష ముఖ్యం. మిగతా వారిలో రక్తంలో కాల్షియం మామూలుగా ఉన్నా కవాటం మీద అది పేరుకుంటుంది, దానికి కారణం కవాటం కణజాలంలోనే ఉంటుంది. కాల్షియం మాత్రలు వాడినందుకు ఆమె తనను తాను నిందించుకోనవసరం లేదని ఆమెకే నేరుగా చెప్పాను.

వార్ఫరిన్ ప్రయత్నం

కొన్ని వారాలకు వేగం 72కు దిగింది, హిమోగ్లోబిన్ 10 దాటింది. ఆయాసం తగ్గింది. గ్రేడియంట్ 9. పీడనం సగానికి తగ్గే సమయం 210. అంటే ముందు చూసిన 13లో కొంత వేగానిదీ రక్తహీనతదీ అయినా, తొలినాటి 4తో పోలిస్తే ఇప్పటికీ రెట్టింపు పైనే. పైగా 200 దాటిన సమయం దారి నిజంగానే ఇరుకైందని చెబుతోంది. ఇక కవాటం మీదే దృష్టి పెట్టాలి.

సి.టి. తీయించాం. రెండు స్తంభాల దగ్గర, రేకులు కలిసే మూలల్లో, చిన్న చిన్న కాల్షియం మచ్చలు కనిపించాయి. ఒక రేకు మాత్రం మందంగా, తక్కువ సాంద్రతతో ఉంది, అక్కడ కాల్షియం లేదు. ఈ చిత్రం రెండు రకాలుగా చదవడానికి వీలుగా ఉంది. మూలల్లో కాల్షియం కణజాలం చెడుతోందని చెబుతుంది. తక్కువ సాంద్రత ఉన్న మందమైన రేకు గడ్డ కట్టిందేమో అనిపిస్తుంది. అదే సమయంలో హోల్టర్‌లో (ఒంటికి కట్టి ఉంచే ఇ.సి.జి. యంత్రం) ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే కర్ణికలు లయ తప్పి వణకడం, వచ్చి పోతున్నట్టు తేలింది, ఆమె రక్తం పలుచబరిచే మందు ఏదీ వాడడం లేదు.

కణజాల కవాటం మీద గడ్డ కట్టినప్పుడు రోగి స్థిరంగా ఉంటే వార్ఫరిన్‌తో చాలాసార్లు కరుగుతుంది, మళ్లీ ఆపరేషన్ తప్పుతుంది. ఇక్కడ మరో సౌకర్యం ఉంది: ఫిబ్రిలేషన్ ఉంది కాబట్టి, అదీ ఇరుకైన మైట్రల్ కవాటంతో, గడ్డ ఉన్నా లేకపోయినా ఆమెకు వార్ఫరిన్ ఇవ్వాల్సిందే. అంటే ఈ ప్రయత్నం విఫలమైనా వృథా కాదు. రక్తం ఎంత పలుచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష విలువను 2.5 దగ్గర ఉంచుతూ వార్ఫరిన్ మొదలుపెట్టాం. గడువు ఆరు వారాలు. మధ్యలో ఒకసారి ఎకో. గ్రేడియంట్ కనీసం తగ్గుముఖం పట్టకపోతే కణజాలమే చెడిందని ఒప్పుకుని శస్త్రచికిత్సకు సిద్ధం కావాలని ముందే రాసి పెట్టుకున్నాం. గడువు లేని ప్రయత్నాలు మా రంగంలో నెలల తరబడి సాగిపోతాయి, ఆలోపు కుడి జఠరిక అలసిపోతుంది.

మధ్యలో చేసిన ఎకోలో మార్పేమీ లేదు, గ్రేడియంట్ అదే 9. గడువు ఇంకా మిగిలి ఉండగా ఒక రాత్రి ఆమె పడుకోలేకపోయింది. తెల్లవారేసరికి కుటుంబం ఆమెను ఆసుపత్రికి తెచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు, వేగం 96.

గ్రేడియంట్ పెరిగింది, సమయం తగ్గింది

అత్యవసర విభాగంలో చేసిన ఎకోలో సగటు గ్రేడియంట్ 15. పరీక్ష చేసిన యువ వైద్యుడి తొలి ఆలోచన సహజమైనదే: వార్ఫరిన్ మీద ఉండగానే ఇరుకు పెరిగింది, గడ్డ పెద్దదై ఉంటుంది, కరిగించే మందు ఇద్దామా? రోగి పరిస్థితి చూస్తే తొందరపడాలనిపించేలాగే ఉంది.

అదే కాగితం మీద ఇంకో అంకె ఉంది. పీడనం సగానికి తగ్గే సమయం 210 నుంచి 105కు పడిపోయింది. దారి మరింత ఇరుకైతే ఈ సమయం పెరగాలి. ఇరుకు వల్ల కర్ణికలో పీడనం నెమ్మదిగా దిగుతుంది. ఇక్కడ గ్రేడియంట్ పెరిగి, సమయం సగమైంది. అంటే కవాటం గుండా ఎక్కువ రక్తం వేగంగా వస్తోంది, వచ్చి త్వరగా ఖాళీ అవుతోంది. అంత రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? ప్రతి స్పందనలో జఠరిక నుంచి వెనక్కి పోయినదే మళ్లీ ముందుకు వస్తేనే ఆ లెక్క సరిపోతుంది. కొత్తగా పెద్ద లీకు వచ్చిందన్నమాట.

ఛాతీ మీద నుంచి చేసిన ఎకోలో ఆ లీకు ఎందుకు కనబడలేదు? కృత్రిమ కవాటం చట్రం శబ్ద తరంగాలను అడ్డుకుంటుంది. దాని వెనుక కర్ణికలో జరిగేది ఆ నీడలో దాక్కుంటుంది. చెవికి మాత్రం కొంత దొరికింది. వారాల కిందట వినబడని మృదువైన సిస్టోలిక్ మర్మర్ (జఠరిక ముడుచుకునే దశలో, అంటే సిస్టోల్‌లో, వినిపించే అదనపు శబ్దం) ఇప్పుడు ఉంది, తీవ్రమైన కొత్త లీకులో మర్మర్ గట్టిగా ఉండాలన్న నియమం లేదు. అన్నవాహిక ద్వారా ఎకో చేశాం. వెనుక నుంచి చూస్తే నీడ పడదు. ఒక రేకు స్తంభం పక్కన అంచు నుంచి కిందికి చిరిగి, సిస్టోల్‌లో కర్ణికలోకి వాలిపోతోంది. లీకు ధార కర్ణిక గోడను ఒరుసుకుంటూ పోయి, పుపుస సిరలో ప్రవాహాన్ని వెనక్కి తోస్తోంది. ఆ పరీక్షతో గడ్డ కరిగించే మందు మాట అక్కడే ఆగింది. ఇచ్చి ఉంటే మేలు జరిగేది కాదు, శస్త్రచికిత్సకు ముందు రక్తస్రావపు ముప్పు మాత్రం మిగిలేది.

ఆ రోజు పని చేసినవి: ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్, రక్తనాళాలను సడలించే నైట్రోప్రుసైడ్. ధమనుల్లో నిరోధం తగ్గితే జఠరిక నుంచి రక్తం ముందుకు పోవడం తేలికవుతుంది, వెనక్కి పోయే వాటా తగ్గుతుంది. మెటోప్రొలాల్ ఆపేశాం. వారాల కిందట ఇరుకు ప్రధానంగా ఉన్నప్పుడు వేగాన్ని తగ్గించడం మేలు చేసింది. ఇప్పుడు లీకు ప్రధానమైనప్పుడు వేగం తగ్గిస్తే ఒక్కో స్పందనలో వెనక్కి పోయే సమయం పెరుగుతుంది. ఒకే రోగి, ఒకే కవాటం, కొద్ది వారాల తేడాతో మందు దిశ తిరగబడింది. వార్ఫరిన్ ప్రభావాన్ని తీసేసి మళ్లీ ఆపరేషన్‌కు సిద్ధం చేశాం. చెన్నైకి పంపడం గురించి మాట్లాడుకున్నాం. ఊపిరితిత్తుల్లో నీరున్న మనిషిని జాతీయ రహదారి మీద మూడు గంటలకు పైగా అంబులెన్సులో ఉంచడం కన్నా నెల్లూరులోనే చేయడం మేలని శస్త్రచికిత్స బృందం తేల్చింది.

ఏ కవాటం?

కవాటంలో కవాటం అనే పద్ధతి ఉంది. కాలి సిర ద్వారా వెళ్లి, కర్ణికల మధ్య గోడను దాటి, పాత కణజాల కవాటం లోపలే కొత్తదాన్ని విప్పుతారు. ఛాతీ మళ్లీ తెరవనక్కర్లేదు. వయసు మళ్లినవారికి, రెండో ఆపరేషన్ తట్టుకోలేని వారికి ఇది పెద్ద వరం. ఈమెకు వద్దనుకోవడానికి మూడు కారణాలు. పాత చట్రం లోపల ఇంకో చట్రం కూర్చుంటే దారి మరింత చిన్నదవుతుంది. ముందున్న ముప్పై నలభై ఏళ్లు ఆ మిగిలిన గ్రేడియంట్‌ను ఆమె మోయాలి. రెండోది, లోపల పెట్టేది కూడా పెరికార్డియమే. ఇదే కణజాలం ఇదే వయసులో ఇదే కథను మళ్లీ నడుపుతుంది. మూడోది ఖర్చు.

యాంత్రిక కవాటానికి తొలిసారి ఉన్న ప్రధాన అభ్యంతరం ఇప్పుడు లేదు, ఇద్దరు పిల్లలున్నారు, ట్యూబెక్టమీ అయింది. ఫిబ్రిలేషన్ వల్ల వార్ఫరిన్ ఎలాగూ తప్పదు. వార్ఫరిన్ తప్పనప్పుడు కణజాల కవాటం ఇచ్చే ప్రధాన లాభం పోతుంది, దాని నష్టం మాత్రం మిగులుతుంది. యాంత్రిక కవాటమే సరైనదని అందరం ఒప్పుకున్నాం.

ఈ చర్చలోనే కుటుంబానికి కంపెనీ కార్డు మీది మాట అర్థమైంది. ఆ ఇంట్లో తరతరాలుగా ఒంగోలు గిత్తలు పెంచుతారు. తొమ్మిదేళ్లుగా కోడలి గుండెలో ఉన్నది పశువు పొర అని తెలిసి అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆమె అడిగింది ఒక్కటే: “ముందే చెప్పి ఉండాల్సింది కదా సార్?” చెప్పి ఉండాల్సిందే. పంది కవాటమా, పశువు పెరికార్డియమా, యాంత్రికమా అన్నది కొన్ని కుటుంబాలకు మతానికీ మనసుకూ సంబంధించిన ప్రశ్న. సంతకం పెట్టించుకునే ముందు నేరుగా, గౌరవంగా చెబితే చాలామంది అర్థం చేసుకుని నిర్ణయానికి వస్తారు. ఆ పొర వల్లే మీ కోడలు ఇద్దరు పిల్లలను కన్నదమ్మా అని నేను చెప్పినప్పుడు ఆమె చేతులు జోడించింది. మామగారు అది ఏ జాతి పశువుదని అడిగారు. కార్డు మీద జాతి రాసి ఉండదు. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి నెలోర్ పేరుతో అక్కడి మందల్లో వ్యాపించిన సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

తీసిన కవాటం ఏమి చెప్పింది

శస్త్రచికిత్స సాఫీగానే సాగింది. ముందే సి.టి.లో ఛాతీ ఎముకకూ కుడి జఠరికకూ మధ్య ఎడం చూసుకున్నందువల్ల మళ్లీ తెరవడంలో ఇబ్బంది రాలేదు. తీసిన కవాటాన్ని చూడమని శస్త్రవైద్యుడు పిలిచారు. నాకు ఈ కేసులో అన్నిటికన్నా విలువైన అరగంట అది.

మూడు రేకుల నడుమ భాగాలు వేలికి ఇంకా మెత్తగానే ఉన్నాయి. గట్టిదనమంతా మూలల్లో, స్తంభాల దగ్గర. చిరుగు కాల్షియం ముద్ద మధ్యలో లేదు, దాని అంచున మొదలైంది, గట్టి భాగం మెత్తటి భాగాన్ని కలిసే గీత వెంట. సి.టి.లో గడ్డలా కనిపించిన రేకు మీద పలుచటి ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పోగుల ప్రొటీను) పొర మాత్రమే ఉంది, మందమంతా కణజాలం లోపల ద్రవం చేరి ఉబ్బడం వల్ల. అందుకే వార్ఫరిన్‌కు అది కదలలేదు. కవాటానికి తీసిన ఎక్స్‌రేలో కాల్షియం రెండు స్తంభాల దగ్గర చుక్కలుగా మెరిసింది. పాథాలజీలో సూక్ష్మజీవులు లేవు. కొలాజెన్ పోగులు విడిపోయి, నలిగి ఉన్నాయి.

ఇది ఎందుకు ఇలా జరుగుతుందో చెప్పడానికి ఆ పొర స్వభావం తెలియాలి. పెరికార్డియంలో బలాన్నిచ్చేది కొలాజెన్. విశ్రాంతిలో దాని పోగులు అలలుగా ముడుచుకుని ఉంటాయి. కొద్దిగా లాగితే అలలు విప్పుకుంటాయి, అప్పటిదాకా పొర తేలికగా సాగుతుంది. విప్పుకున్నాక పోగులే భారం మోయడం మొదలుపెడతాయి, అక్కడి నుంచి పొర ఒక్కసారిగా బిగుసుకుంటుంది. సహజ కవాటపు రేకులో దీనికి తోడు మూడు పొరలుంటాయి. మధ్య పొరలో నీటిని పట్టి ఉంచే గ్లైకోసమినోగ్లైకాన్లు ఉండి, రేకు వంగినప్పుడు పై పొర, కింది పొర ఒకదాని మీద ఒకటి జారేలా చూస్తాయి. అన్నిటినీ మించి సహజ రేకులో కణాలు బతికి ఉంటాయి, తెగిన పోగులను అవి మళ్లీ నేస్తాయి.

కవాటం తయారీలో ఈ పొరను గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో ఉంచుతారు. తోళ్ల శుద్ధిలోనూ వాడే రసాయనమిది. 1960ల మధ్యలో పారిస్‌లో మనుషులకు అమర్చిన తొలి పంది కవాటాలు త్వరగా చెడిపోయేవి. ఆ దశాబ్దం చివర అలెన్ కార్పెంటియర్ గ్లూటరాల్డిహైడ్‌ను ప్రవేశపెట్టాకే కణజాల కవాటాలు ఏళ్ల తరబడి నిలవడం మొదలైంది. అది కొలాజెన్ పోగుల మధ్య వంతెనలు కడుతుంది, కొత్త శరీరం తిరస్కరించకుండా చూస్తుంది. దానికి మూల్యమూ ఉంది. కణాలు చనిపోతాయి, కాబట్టి మరమ్మతు ఉండదు. చనిపోయిన కణాల పొరల్లోని ఫాస్ఫోలిపిడ్లు, మిగిలిపోయిన ఆల్డిహైడ్ గుంపులు కాల్షియం స్ఫటికాలకు తొలి స్థానాలవుతాయి. గ్లైకోసమినోగ్లైకాన్లను గ్లూటరాల్డిహైడ్ కట్టి ఉంచలేదు, అవి క్రమంగా కారిపోతాయి. పొరలు జారడం ఆగిపోతే, వంగిన ప్రతిసారీ లోపలి వంపులో పోగులు ఒత్తుకుని నలుగుతాయి.

ఇక భారం లెక్క. 27 మి.మీ. వ్యాసమున్న మైట్రల్ కవాటం 120 మి.మీ. పాదరసం పీడనానికి మూసుకున్నప్పుడు దాని మీద దాదాపు 9 న్యూటన్ల బలం పడుతుంది, కిలో బరువుకు కాస్త తక్కువ. అర మిల్లీమీటరు కూడా మందం లేని రేకులు దాన్ని మోస్తాయి. అయోర్టిక్, మైట్రల్ తేడా కూడా ఇక్కడే ఉంది: అయోర్టిక్ కవాటం డయస్టోలిక్ పీడనానికి, అంటే సుమారు 80కి మూసుకుంటుంది, మైట్రల్ కవాటం సిస్టోలిక్ పీడనం మొత్తానికి మూసుకుంటుంది. అందుకే మైట్రల్ స్థానంలో కణజాలం ముందుగా చెడుతుంది. రక్తపోటు 160 అయితే అదే కవాటం మీద భారం కిలోంపావు దాకా పోతుంది. కణజాల కవాటం ఉన్నవారిలో రక్తపోటును పట్టించుకోవాలనడానికి ఇంతకన్నా సూటి కారణం అక్కర్లేదు. ఆ భారం రేకు అంతటా సమానంగా పరచుకోదు, రేకును స్తంభానికి కుట్టిన మూలల్లో పోగుపడుతుంది. ప్రతి తెరుపుకీ, మూతకీ రేకు వంగేది కూడా ఆ చుట్టుపక్కలే.

నిమిషానికి 75 చొప్పున ఏడాదికి దాదాపు 4 కోట్ల సార్లు. ఆమె కవాటం 35 కోట్ల సార్లకు పైగా తెరుచుకుని మూసుకుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కణజాల కవాటాన్ని ప్రయోగశాలలో 20 కోట్ల సార్లు ఆడించి చూస్తారు, అంటే అయిదేళ్ల పని. కానీ ఆ యంత్రంలో ఉండేది ఉప్పునీటి లాంటి ద్రవం. అక్కడ రక్తం లేదు, రోగి రోగనిరోధక శక్తి లేదు, కాల్షియం పేరుకోదు. కేవలం అలసటకు తట్టుకుంటుందా అన్నదే అక్కడ తెలుస్తుంది. మనిషిలో అలసట, కాల్షియం ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. నలిగిన పోగుల చోట కాల్షియం చేరుతుంది. చేరిన చోట రేకు వంగడం మానేస్తుంది. వంగాల్సిన పనంతా పక్కనున్న మెత్తటి భాగం మీద పడుతుంది, ఆ సరిహద్దులో సాగుదల పెరిగి చిరుగు పుడుతుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో బీరువాలో ఉంచిన పట్టుచీర మడత గీత వెంటే చిరిగినట్టు.

మూలలు బలహీనమన్న సంగతి కొత్తది కాదు. 1971లో లీడ్స్‌లో మరియన్ అయొనెస్కు పశువు పెరికార్డియంతో కవాటాలు అమర్చడం మొదలుపెట్టారు. ఆ తరం అయొనెస్కు–షైలీ కవాటాలు చాలావరకు స్తంభం దగ్గరి కుట్టు, గుడ్డ రాపిడి వల్ల చిరిగి విఫలమయ్యాయి. తరువాతి నమూనాలు రేకును బిగించే తీరును మార్చుకున్నాయి, కాల్షియాన్ని అడ్డుకునే శుద్ధి పద్ధతులు వచ్చాయి, ఆయుష్షు పెరిగింది. అయినా భారం పోగయ్యే చోటు మాత్రం మారలేదు.

తరువాత

ఇప్పుడు ఆమె ఇంటి పని, కొంత పొలం పని చేసుకుంటోంది. యాంత్రిక మైట్రల్ కవాటం కాబట్టి ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉంచాలి. రక్తం పలుచబరిచే కొత్త తరం మాత్రలు యాంత్రిక కవాటాలకు పనికిరావు, వాటిలో ఒకటైన డాబిగట్రాన్‌తో చేసిన ప్రయత్నం గడ్డలు, రక్తస్రావం రెండూ పెరగడంతో మధ్యలోనే ఆగిపోయింది. మండల కేంద్రంలో నమ్మకమైన ల్యాబు ఒకటి చూసి, ఫలితం ఫోనులో పంపితే మోతాదు చెప్పేలా ఏర్పాటు చేశాం. గోంగూర, తోటకూర మానేయమని చెప్పలేదు. మానేయమంటే కొన్నాళ్లు మాని, పండగకు ఒకేసారి తింటారు, ఐఎన్ఆర్ ఊగిసలాడుతుంది. వారానికి ఎంత తింటారో అంతే తినండి, మోతాదును దానికి తగ్గట్టు మేము చూసుకుంటాం అన్నాం. నొప్పులకు డైక్లోఫెనాక్, కండలోకి ఇంజెక్షన్లు వద్దని తెలుగులో రాసిన కార్డు ఊళ్లో ఆర్‌ఎంపీకీ ఇప్పించాం. కవాటం మారినా కీళ్లవాత జ్వరం మళ్లీ రాకుండా పెన్సిలిన్ సాగాల్సిందే, ఇంజెక్షన్ బదులు రోజూ రెండు పూటలా మాత్రలకు మార్చాం.

మా విభాగంలో ఈ కేసు తరువాత మూడు పద్ధతులు మారాయి. కృత్రిమ మైట్రల్ కవాటం ఎకో నివేదికలో గ్రేడియంట్‌తో పాటు ఆ సమయంలోని గుండె వేగం, పీడనం సగానికి తగ్గే సమయం, తొలినాటి విలువలు ఒకే వరుసలో ఉండాలి. గ్రేడియంట్ పెరిగి ఆ సమయం తగ్గితే ఛాతీ ఎకోలో లీకు కనబడకపోయినా అన్నవాహిక ఎకో చేయాలి. యాభై ఏళ్ల లోపు వారిలో కణజాల కవాటం ఉంటే మొదటి ఏడాది నుంచే ఏటా ఎకో చేస్తాం, స్తంభాల దగ్గరి మూలలను ప్రత్యేకంగా చూస్తాం. అక్కడ తొలి కాల్షియం కనబడిన రోజునే, ఆయాసం లేకపోయినా, రెండో ఆపరేషన్ గురించి కుటుంబంతో మాట్లాడడం మొదలుపెడతాం. ఈమె విషయంలో ఆ మాట అత్యవసర గదిలో, ఆక్సిజన్ మాస్కు పెట్టి ఉండగా మాట్లాడాల్సి వచ్చింది.